నీళ్ళు కదలకపోయినా టీడీసీ7200 రీడింగ్ గెంతుతోందా? చిప్పు మార్చే ముందు ఇవి చూడు

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, తరవాత చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. టెక్కలి దగ్గర బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్న తమ్ముడు, ఉద్దానంలో వాళ్ళ కొబ్బరి తోట బోరు పైపుకి అల్ట్రాసోనిక్ ఫ్లో మీటర్ (ధ్వని నీళ్ళలో ఇటూ అటూ వెళ్ళే టైముల తేడా నుంచి నీటి వేగం చెప్పేది) చేస్తున్నాడు. 1 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు (ధ్వనిని పంపి, అందుకునే బిళ్ళలు) రెండు ఎదురెదురుగా, మధ్యలో 15 సెంటీమీటర్ల నీళ్ళు, వచ్చిన సిగ్నల్ ఒక గీత (థ్రెషోల్డ్) దాటగానే పల్స్ ఇచ్చే ఎల్ఎం393 కంపారేటర్, ధ్వని బయల్దేరిన స్టార్ట్ పల్స్ నుంచి చేరిన స్టాప్ పల్స్ దాకా టైమ్ కొలవడానికి టీడీసీ7200 చిప్పు, అన్నిటినీ నడపడానికి బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. టీడీసీకి కావలసిన 8 మెగాహెర్ట్జ్ క్లాక్ కూడా ఆ బోర్డు ఎంసీఓ పిన్ (క్లాక్‌ని బయటికి ఇచ్చే పిన్) నుంచే తీసుకున్నాడు. పైపు రెండు చివరలా మూసేసి నీళ్ళు కదలకుండా పెట్టినా రీడింగ్ 101 మైక్రోసెకన్ల చుట్టూ గెంతుతోంది, తేడా కాలమ్‌లో అప్పుడప్పుడు 429 కోట్ల లాంటి పిచ్చి అంకెలు వస్తున్నాయి, పొద్దున్న ఒక విలువ, మధ్యాహ్నం ఇంకో విలువ. చిప్పు డూప్లికేట్ అని ఫ్రెండ్ అంటున్నాడట, ఇంకోటి తెప్పించాలా, లేక వంద రీడింగులు సగటు తీసేస్తే సరిపోతుందా అని అడుగుతున్నాడు.

తెప్పించొద్దు తమ్ముడూ. సగటు కూడా ఇప్పుడే తీయొద్దు. నువ్వు రాసినదాన్ని బట్టి చిప్పు బాగానే ఉంది, దానికి నువ్విస్తున్న క్లాక్, ఆ ఎల్ఎం393, నీ కోడ్‌లో ఒక తీసివేత, ఈ మూడూ కలిసి ఆడుతున్నాయి. నాలుగోది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ వచ్చే తేడా, అసలు తప్పే కాదు. దాని సంగతి కిందన రాస్తాను.

నేను విజయనగరంలో ఉంటాను. పైడిభీమవరం వైపు ఫార్మా యూనిట్లలో, గరివిడి వైపు ఫ్యాక్టరీల్లో ఫ్లో మీటర్లు, లెవెల్ ట్రాన్స్‌మిటర్లు చూడడమే నా పని. టైమ్ కొలిచే బోర్డు బాగోలేదని నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా టైమ్ చిప్పు పోయినవి చాలా తక్కువ. దానికి వచ్చే సిగ్నల్ బాగోలేనివే ఎక్కువ.

సగటు ఎందుకు వద్దన్నానంటే, రీడింగులు ఎలా చెదురుతున్నాయన్నదే నీ దగ్గరున్న పెద్ద ఆధారం, సగటు తీస్తే ముందు పోయేది అదే. వెయ్యి రీడింగులు అలాగే సేవ్ చేసి, ఎక్సెల్‌లో హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే బొమ్మ) గీసి చూడు. ఒకే గుట్ట వచ్చి అది వెడల్పుగా ఉంటే నాయిస్. రెండు మూడు సన్న గుట్టలు విడివిడిగా ఉంటే వాటి మధ్య దూరం కొలువు. 125 నానోసెకన్లుంటే అది నీ 8 మెగాహెర్ట్జ్ క్లాక్ ఒక పీరియడ్. 1 మైక్రోసెకన్ ఉంటే అది నీ ట్రాన్స్‌డ్యూసర్ ఒక సైకిల్. ఈ రెండూ నీ పోస్టులో పెట్టిన లిస్టులో కనిపిస్తూనే ఉన్నాయి, కానీ నువ్వు రెండింటినీ కలిపి "ఫ్లక్చుయేషన్" అని ఒకే మాట రాసేశావు.

ఇవి ఎంత పెద్ద తప్పులో లెక్క వేసి చూడు. పైపు పొడవునా ధ్వని ఇటూ అటూ వెళ్ళే టైముల మధ్య తేడా సుమారు 2 × దూరం × నీటి వేగం, దాన్ని ధ్వని వేగం వర్గంతో భాగించాలి. నీ 15 సెంటీమీటర్లకి, సెకనుకి 1 మీటరు పారే నీటికి వచ్చేది దాదాపు 135 నానోసెకన్లు. అంటే ఒక్క క్లాక్ జంప్ పడితే చాలు, కదలని నీళ్ళు సెకనుకి మీటరు దగ్గర దగ్గరగా పారుతున్నట్టు చూపిస్తుంది. ఒక సైకిల్ జారితే ఏడు మీటర్లు దాటుతుంది. ఇలాంటివి వందలో పది కలిసినా సగటు ఎక్కడో మధ్యలో ఆగి, చూడ్డానికి నమ్మబుద్ధేసే అబద్ధం చెప్తుంది. టీడీసీ7200 రిజల్యూషన్ 55 పికోసెకన్లు, దాని స్థాయిలో ఈ జంపులు కొండలు.

ముందు క్లాక్. బ్లూ పిల్ మీదున్న ఎస్‌టీఎం32లో రెండు 8 మెగాహెర్ట్జ్‌లుంటాయి. ఒకటి బయట కనపడే క్రిస్టల్, రెండోది చిప్పు లోపల రెసిస్టర్, కెపాసిటర్‌లతో నడిచే ఆర్‌సీ ఆసిలేటర్. ఎంసీఓ పిన్ మీద ఏది రావాలో కోడ్‌లో నువ్వే ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా ఫ్రీక్వెన్సీ 8 అనే చూపిస్తుంది కాబట్టి చాలామందికి తేడా తెలియదు. ఆర్‌సీ ఆసిలేటర్‌కి 1 శాతం అటూఇటూ ఉండడం మామూలే, పైగా వేడికి జరుగుతుంది. నీ 101 మైక్రోసెకన్లలో 1 శాతం అంటే 1 మైక్రోసెకన్. అదే మామూలు 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతుల తేడా) క్రిస్టల్‌కైతే తప్పు రెండున్నర నానోసెకన్లకి మించదు. పైకీ కిందకీ కొలిచే రెండు టైములకీ ఒకే క్లాక్ కాబట్టి ఆ శాతం తప్పు తేడాలో చాలావరకు కొట్టుకుపోతుంది, కానీ ఆర్‌సీకి ఉండే జిట్టర్ (క్లాక్ అంచులు ముందుకీ వెనక్కీ వణకడం) కొట్టుకుపోదు. పరీక్ష చాలా సులువు. హెయిర్ డ్రయ్యర్ తెచ్చి బ్లూ పిల్ మీద మాత్రమే కొంచెం సేపు వేడి గాలి పెట్టు, పైపుకీ టీడీసీకీ తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టు. రీడింగ్ మెల్లగా జరగడం మొదలైతే నీ క్లాక్ ఆర్‌సీయే.

టీడీసీ7200 లోపల జరిగేది తెలిస్తే ఇది ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది. లోపల ఒక రింగ్ ఆసిలేటర్ ఉంటుంది, దాని వేగం వోల్టేజీతోనూ వేడితోనూ మారిపోతుంది. అందుకే ప్రతి కొలత తరవాత అది బయటి క్లాక్‌ని ఒక పీరియడ్ పాటు, మళ్ళీ 10 పీరియడ్ల పాటు కొలిచి క్యాలిబ్రేషన్1, క్యాలిబ్రేషన్2 అని రాసిపెడుతుంది. ఈ రెండింటి తేడాని 9తో భాగిస్తే ఒక క్లాక్ పీరియడ్‌కి ఎన్ని అంగలో వస్తుంది, నీ 8 మెగాహెర్ట్జ్‌కి అది 2,270 దగ్గర్లో ఉండాలి. అంటే బయటి క్లాకే దానికి కొలబద్ద. మోడ్ 2లో మరీను, ఎందుకంటే 101 మైక్రోసెకన్లలో దాదాపు మొత్తం బయటి క్లాక్ అంచుల్ని లెక్కపెట్టడమే, రింగ్ ఆసిలేటర్ కొలిచేది మొదట్లోనూ చివరా మిగిలే చిన్న ముక్కల్ని, వాటి పేర్లే టైమ్1, టైమ్2. (నువ్వు వాడుతున్నది మోడ్ 2యేనా, ఒకసారి చూసుకో. మోడ్ 1 పనికొచ్చేది 12 నుంచి 500 నానోసెకన్ల దాకానే. మోడ్ 2 250 నానోసెకన్ల నుంచి 8 మిల్లీసెకన్ల దాకా.)

ఇక ఆ 125 నానోసెకన్ల జంప్. నీ బోర్డు ఫోటోలో ఎంసీఓ నుంచి టీడీసీ దాకా పొడుగాటి జంపర్ వైరు కనిపిస్తోంది, అదీ బ్రెడ్‌బోర్డు మీంచి. అలాంటి వైరు చివర క్లాక్ అంచు ఊగుతుంది, ఒక అంచు రెండుగా కనపడొచ్చు, లేదా ఒకటి తప్పిపోవచ్చు. ఎంసీఓ పిన్ దగ్గరే 33 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టు, వైరు రెండు మూడు సెంటీమీటర్లకి తగ్గించు, పక్కనే గ్రౌండ్ వైరు నడిపించు. దీనికి తోడు ఇంకో చిక్కుంది. నీ స్టార్ట్ పల్స్, నీ క్లాక్ రెండూ ఒకే క్రిస్టల్ నుంచి పుడితే, స్టార్ట్ ఎప్పుడూ క్లాక్‌లో ఒకే చోట వచ్చి పడుతుంది. ఆ చోటు కర్మకాలి సరిగ్గా క్లాక్ అంచు దగ్గరైతే, ఒకసారి అంచుకి ముందు, ఒకసారి తరవాత పడుతూ ఉంటుంది. అంచు శుభ్రంగా ఉంటే టైమ్1 ఆ తేడాని సర్దేస్తుంది, లేకపోతే లెక్క ఒకటి తప్పుతుంది. టైమ్1 విలువల్ని ప్రింట్ చేసి చూడు. జంప్ పడిన చోటల్లా టైమ్1 తన రేంజిలో ఈ చివర నుంచి ఆ చివరకి గెంతుతూ ఉంటే ఇదే రోగం. 72 మెగాహెర్ట్జ్ టైమర్‌తో స్టార్ట్‌ని ఒక నాలుగు టిక్కులు వెనక్కి జరిపితే సుమారు 55 నానోసెకన్లు జరుగుతుంది, పీరియడ్ మధ్యలోకొస్తుంది, జంపులు ఆగిపోవాలి.

దీర్ఘకాలానికైతే టీడీసీకి విడిగా ఒక ఆసిలేటర్ క్యాన్ (తనంతట తనే క్లాక్ ఇచ్చే చిన్న రేకు డబ్బా) పెట్టుకోవడమే మంచిది. దానికి 1 నుంచి 16 మెగాహెర్ట్జ్ దాకా ఇవ్వొచ్చు, 16 దగ్గర బాగా పనిచేస్తుంది. మన విజయనగరం, శ్రీకాకుళం షాపుల్లో అడిగితే క్రిస్టల్ ఇస్తారు గానీ ఆసిలేటర్ క్యాన్ దొరకడం కష్టం, వైజాగ్‌లోనో ఆన్‌లైన్‌లోనో చూడాలి. అంతవరకూ ఆగలేకపోతే, పాత నెట్‌వర్క్ కార్డుల మీద 25 మెగాహెర్ట్జ్ క్యాన్ ఉంటే పీకి, 74ఎల్‌వీసీ74 ఫ్లిప్‌ఫ్లాప్‌తో ఆ ఫ్రీక్వెన్సీని సగం చేసుకో. 12.5 మెగాహెర్ట్జ్, పీరియడ్ సరిగ్గా 80 నానోసెకన్లు, లెక్కకీ సుఖం. ఒక్క జాగ్రత్త, ఆ పాత క్యాన్లలో కొన్ని 5 వోల్టులవి, టీడీసీ7200 సప్లై 3.6 వోల్టులు దాటకూడదు, దాని పిన్నులకి 5 వోల్టులు నేరుగా ఇవ్వకు.

రెండోది ఎల్ఎం393. ఇది ఎక్కడైనా దొరుకుతుంది, చవక, బ్యాటరీ చార్జర్లకీ లైట్ సెన్సర్లకీ బ్రహ్మాండం. కానీ దాని స్పందనే మైక్రోసెకన్ పైమాట, అదీ స్థిరంగా ఉండదు, ఇన్‌పుట్ థ్రెషోల్డ్‌ని ఎంత ఎక్కువ దాటితే అంత త్వరగా మారుతుంది. సిగ్నల్ కొంచెం బలహీనపడితే చాలు, స్టాప్ పల్స్ వెనక్కి జరుగుతుంది. నువ్వు నానోసెకన్లు వెతుకుతుంటే అది మైక్రోసెకన్లతో ఆడుకుంటోంది. టీఎల్‌వీ3501 లాంటిది పెట్టు, దాని ఆలస్యం 4.5 నానోసెకన్లు.

కంపారేటర్ మార్చినా సైకిల్ జారడం మిగులుతుంది, అది వేరే గొడవ. ట్రాన్స్‌డ్యూసర్‌కి వచ్చే సిగ్నల్ ఒక్కసారిగా పైకి లేవదు, మొదటి సైకిల్ చిన్నది, రెండోది కొంచెం పెద్దది, అలా నాలుగైదు సైకిళ్ళలో పెరుగుతుంది. నీ థ్రెషోల్డ్ మూడో సైకిల్ శిఖరానికి సరిగ్గా అంచున ఉంటే, ఇవాళ మూడోదాన్ని పట్టుకుంటుంది, రేపు నాలుగోదాన్ని. స్కోపులో చూసి థ్రెషోల్డ్‌ని రెండు శిఖరాలకి మధ్యన పెట్టు. దానితో సైకిల్‌ని గుర్తుపట్టడమే చెయ్యి, అసలు స్టాప్ మాత్రం ఆ తరవాత వచ్చే జీరో క్రాసింగ్ (సిగ్నల్ సున్నా గీత దాటే చోటు) దగ్గర తీసుకో. సిగ్నల్ పెద్దదైనా చిన్నదైనా జీరో క్రాసింగ్ పెద్దగా కదలదు. టీడీసీ1000 అని దీని తోడు చిప్పొకటుంది, అది చేసేది ఇదే పని.

పైడిభీమవరం వైపు ఒక యూనిట్‌లో కూలింగ్ వాటర్ లైను మీద, పైపుకి బయట బిగించే అల్ట్రాసోనిక్ క్లాంప్ ఫ్లో మీటర్ ఇలాగే సతాయించింది. రాత్రి షిఫ్టులో బంగారంలా ఉండేది, ఎండెక్కాక ఫ్లో ఉన్నట్టుండి ఒకే మోతాదులో పెరిగి, కాసేపు అక్కడే ఉండి, మళ్ళీ దిగేది. పంపు వాళ్ళని తిట్టారు, వాల్వు వాళ్ళని తిట్టారు, ఆఖరికి మీటర్ కార్డు మార్చారు, అయినా అదే. ప్రతిసారీ పెరిగేది ఒకే మోతాదు అన్న దగ్గరే నాకు అనుమానం వచ్చింది, పంపో వాల్వో అయితే అలా గీత గీసినట్టు పెరగదు. ట్రాన్స్‌డ్యూసర్ విప్పి చూస్తే కింద పూసిన గ్రీజు ఎండకి కారిపోయి ఒక పక్క పొడిగా ఉంది. వేడెక్కినప్పుడు సిగ్నల్ తగ్గి థ్రెషోల్డ్ తరవాతి సైకిల్‌కి జారేది. పాతది తుడిచి, వేడికి కారని కప్లింగ్ గ్రీజు పూసి బిగించాక సద్దుమణిగింది. నీది పైపు లోపలే ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ కాబట్టి గ్రీజు గొడవ లేదు గానీ, నీకు గాలి బుడగలున్నాయి. బోరు నీళ్ళు అప్పుడే పట్టి పెడితే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద సన్న బుడగలు అంటుకుని సిగ్నల్‌ని తినేస్తాయి. నీళ్ళు రాత్రంతా వదిలేసి, వేలితో ముఖం తుడిచి అప్పుడు కొలువు.

మూడోది కోడ్. ఆ 429 కోట్ల అంకె చూడగానే తెలిసిపోయింది. మోడ్ 2 లెక్కలో టైమ్1 లోంచి టైమ్2 తీసెయ్యాలి, టైమ్2 పెద్దదైతే జవాబు మైనస్ రావాలి, వస్తుంది కూడా, అందులో వింతేమీ లేదు. నువ్వు రెండింటినీ అన్‌సైన్డ్ 32 బిట్లలో పెట్టావు, మైనస్ రాసే చోటు లేక అది 4294967295 నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. సైన్డ్‌లోకి మార్చు, అంతే. పనిలో పనిగా పారిటీ బిట్ ఆన్ చేసి ఉంటే 24 బిట్లలో పైబిట్‌ని తీసేసి చదువుతున్నావో లేదో చూడు. ఇంటరప్ట్ పిన్ (కొలత అయిందని చెప్పే పిన్) ఓపెన్ డ్రెయిన్, అంటే కిందకి లాగడమే గానీ పైకి తనంతట వెళ్ళదు, దానికి పుల్ అప్ రెసిస్టర్ లేకపోతే నీ కోడ్ కొలత పూర్తవకముందే చదివేస్తుంది, అప్పుడు వచ్చేది కిందటిసారి విలువ. ఇంటరప్ట్ స్టేటస్ రిజిస్టర్ కూడా ప్రతిసారీ చదివి, కౌంటర్ ఓవర్‌ఫ్లో అయినవాటిని పారెయ్యి. ఎనేబుల్ పిన్‌ని నేరుగా 3.3 వోల్టులకి కట్టేశావా? కరెంటు వచ్చి సప్లై నిలదొక్కుకున్నాక ఆ పిన్ ఒకసారి కింద నుంచి పైకి వెళ్ళాలి, దాన్ని బ్లూ పిల్ పిన్నుకే కలుపు.

సప్లై గురించి ఎక్కువ రాయను. వీరెగ్ పిన్ దగ్గర 1 మైక్రోఫారడ్ సిరామిక్, వీడీడీ దగ్గర 100 నానోఫారడ్, చిప్పు కాళ్ళకి అంటుకుని ఉండాలి, అడాప్టర్ బోర్డు అవతల ఉంటే లేనట్టే. బ్రెడ్‌బోర్డు వదిలెయ్, జీరో పీసీబీ మీదైనా టంకం పెట్టు. కొలత నడుస్తున్నప్పుడు ఎస్‌పీఐలో (బోర్డు, చిప్పు మాట్లాడుకునే వైర్ల మీద) ఏమీ చదవకు. తోట దగ్గర మోటారు స్టార్టర్ పక్కనే బోర్డు పెడతానన్నావు, పెట్టకు, ఫ్యాక్టరీల్లో మోటార్ డ్రైవుల పక్కన నడిచే సిగ్నల్ కేబుళ్ళు ఏం చేస్తాయో రోజూ చూస్తూనే ఉన్నాను.

చిప్పు డూప్లికేటా కాదా అన్నది నీకు నిద్ర పట్టనివ్వట్లేదు కాబట్టి, పైపు, ట్రాన్స్‌డ్యూసర్, కంపారేటర్ అన్నీ పక్కన పెట్టి ఈ పరీక్ష చెయ్యి. కేబుల్ టీవీ వాళ్ళ దగ్గర ఆర్‌జీ6 వైరు 20 మీటర్లు తెచ్చుకో, ఎక్కడైనా దొరుకుతుంది. ఒకే గేట్ ఐసీలో రెండు గేట్లకి ఒకే పల్స్ ఇచ్చి, ఒకదాని అవుట్‌పుట్ నేరుగా స్టార్ట్‌కి, రెండోదాన్ని 56 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా ఆ కేబుల్‌లోకి పంపి, అవతలి చివర స్టాప్‌కి కలుపు. కేబుల్ షీల్డ్‌ని రెండు చివరలా గ్రౌండ్‌కి కలపడం మర్చిపోకు. ఇది 75 ఓమ్‌ల కేబుల్, గేట్ సొంత రెసిస్టెన్స్‌తో కలిపితే లెక్క సరిపోతుంది. ఆ ఫోమ్ కేబుల్‌లో సిగ్నల్‌కి మీటరుకి సుమారు 4 నానోసెకన్లు పడుతుంది, మోడ్ 1లో 80 దగ్గర్లో రీడింగ్ రావాలి. సగానికి కత్తిరిస్తే 40 దగ్గరికి రావాలి. అసలు సంఖ్య ఒకటి రెండు అటూఇటూ ఉన్నా పట్టించుకోకు, చూడాల్సింది చెదురుబాటు. డేటాషీట్ ప్రకారం అది 35 పికోసెకన్లు, ఇంట్లో టేబుల్ మీద ఒకటి రెండు వందల పికోసెకన్లు వచ్చినా చిప్పు మీద ఇంక మాట అనక్కర్లేదు. ఈ పరీక్షలో కూడా గెంతితే అప్పుడు క్లాక్, సప్లై మళ్ళీ చూసి, అవీ బాగుంటేనే చిప్పు మార్చు.

ఇక పొద్దున్నకీ మధ్యాహ్నానికీ తేడా. నీళ్ళలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 1,482 మీటర్లు, 25 దగ్గర 1,497, 30 దగ్గర 1,509. అయిదు డిగ్రీలు వేడెక్కితే 15 సెంటీమీటర్ల మీద ఇంచుమించు ఒక మైక్రోసెకన్ తగ్గిపోతుంది. మేడ మీది ట్యాంకు నీళ్ళు మన ఎండల్లో ఎంత వేడెక్కుతాయో నీకు చెప్పక్కర్లేదు. నీ చిప్పు నిజమే చెప్తోంది, దాన్ని తిట్టకు. ఒకవైపు టైమ్‌తో ఫ్లో లెక్క కట్టకూడదు, పైకీ కిందకీ వెంటవెంటనే కొలిచి తేడా తీసుకోవాలి, నీళ్ళు ఆగి ఉన్నప్పుడు ఆ తేడా ఎంతుందో అది నీ జీరో ఆఫ్‌సెట్. ధ్వని వేగాన్ని కూడా ఆ రెండు టైముల నుంచే రాబట్టుకోవచ్చు, విడిగా థర్మామీటర్ లేకపోయినా నడుస్తుంది.

సగటు సంగతి అడిగావు కదా. హిస్టోగ్రామ్‌లో ఒకే సన్నటి గుట్ట మిగిలాక హాయిగా తీసుకో, చిప్పే 128 కొలతల దాకా తనంతట తను సగటు తీసి ఇస్తుంది. తోటలో పెట్టాక మాత్రం నేనైతే చిప్పు సగటు కన్నా విడి రీడింగులు తీసుకుని వాటి మీడియన్ (వరసలో పేర్చితే మధ్యలో వచ్చేది) వాడతాను, ఒకటీ అరా బుడగ అడ్డొచ్చినా అది చలించదు.

ముందు కోడ్ సరిచెయ్యి, తరవాత ఎంసీఓ సెట్టింగ్, ఆ తరవాత కంపారేటర్. ఒక్కొక్కటి మార్చి ప్రతిసారీ హిస్టోగ్రామ్ గియ్యి, అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో నీ వైవాలో చెప్పలేవు. అప్పటికీ తేలకపోతే క్యాలిబ్రేషన్1, క్యాలిబ్రేషన్2, టైమ్1, టైమ్2, క్లాక్ కౌంట్ అయిదూ ఒకే వరసలో వచ్చేలా ప్రింట్ చేసి ఒక రెండొందల లైన్లు ఇక్కడే పెట్టు, కొలిచేటప్పటి నీళ్ళ టెంపరేచర్ కూడా రాయి. సాయంత్రం డ్యూటీ దిగాక చూస్తాను.